నాలుగో కుర్చీ

చేతిలో గెలుపు పెట్టుకుని మా అక్క ఓడిపోయింది. ఆవిడ కుర్చీ వెనక నిలబడి కళ్లారా చూశాను.

పదమూడు ముక్కలూ కుదిరాయి. "షో" అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. బొటనవేలితో ముక్కల అంచులు మెల్లగా నిమిరింది. చక్కగా వరసలో ఉన్న కళావరు తొమ్మిదిని లాగి బల్ల మీద పడేసింది.

"కళావరు తొమ్మిది," అని పైకి చెప్పింది.

"కళావరు తొమ్మిది," అన్నాడు ఎదురుగా కూర్చున్న రైలింజను డ్రైవరు.

"కళావరు తొమ్మిదే," అన్నాడు పక్కనున్న టైలరు.

ఇద్దరూ రిటైరై ఏళ్లు దాటినవాళ్లే. నాలుగో కుర్చీలో ఉన్నాయన ఒకప్పుడు మందుల షాపు నడిపాడట. వచ్చి వారం కాలేదు. ఆయన గబుక్కున ఆ తొమ్మిదిని అందుకుని, "షో!" అని అరిచాడు.

అక్క చప్పట్లు కొట్టింది.

నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే కుతూహలం మొదలైంది. నా వృత్తిలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే వచ్చేవి.

నేను ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసేదాన్ని. ఖాళీ చేశాక తగలబడిన గోడౌన్లు, అమ్మేశాక దొంగతనమైన కార్లు, చచ్చిపోయి పక్కూళ్లో హాయిగా కాపురం చేసుకుంటున్న మనుషులు... ఇవన్నీ చూసీ చూసీ ఎవరైనా మంచిగా నవ్వినా ముందు చేతులు చూసే అలవాటైపోయింది. పదవీ విరమణ చేశాక కూడా అది పోలేదు.

కానీ ఇక్కడికి వచ్చింది దర్యాప్తుకి కాదు. అక్క చేయి కాలింది, అందుకు వచ్చాను.

అక్క లెక్కల టీచరు. బావ పోయాక ఈ రిటైర్మెంటు కాలనీలో రెండు గదుల ఫ్లాటు తీసుకుంది. వంట తనే, బట్టలు తనే, తాళంచెవి తన కొంగునే. మొన్న పాలు మీద పడి మణికట్టు దాకా బొబ్బలెక్కాయి. కాలనీ మేనేజరు నాకు ఫోను చేశాడు.

"ఒంటరిగా ఉండగలరో లేదో మాకు అనుమానంగా ఉందమ్మా. మీరు వారం ఉండి చూడండి. ఉండగలరు అని మీరంటే ఉంటారు. లేదంటే వెనక బ్లాకుకి మారుస్తాం."

వెనక బ్లాకు చూశాను. శుభ్రంగానే ఉంది. వేళకి భోజనం వస్తుంది, వేళకి దీపం ఆర్పుతారు. గదుల్లో స్టవ్ ఉండదు. తలుపుకి లోపలివైపు గడియ ఉండదు.

"అక్కడికి పంపిస్తే రెండో రోజే పారిపోతాను," అంది అక్క. "నువ్వే వెతుక్కోవాలి. నీకు అలవాటేగా, బుజ్జీ."

నాకు అరవై దాటినా అక్కకి నేను బుజ్జినే.

"చేయి ఎలా కాలిందో చెప్పు."

"వంటింట్లో ఉన్నాక చేయి కాలదా? నీకు కాలలేదంటే నువ్వు వంట చెయ్యట్లేదని అర్థం. చూపు మీద అనుమానమా? సాయంత్రం క్లబ్బుకి రా. పేక ముక్కలు చూసి ఆడేదాన్ని, పాలగిన్నె చూడలేనా?"

అందుకే ఆ మొదటి సాయంత్రం ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. అది శనివారం.

క్లబ్బు హాల్లో ఒక వైపు చదరంగం, ఒక వైపు పజిళ్లు. మధ్యలో వరసగా రమ్మీ టేబుళ్లు. పందెం లేదు, పాయింట్లే. క్లబ్బు పద్ధతి ఒకటే: కాలనీకి కొత్తగా ఎవరొచ్చినా గుమ్మం పక్కనున్న చివరి టేబులు దగ్గర, నాలుగో కుర్చీలో కూర్చోవాలి. వారంలో తక్కువ పాయింట్లతో గెలిచినవాళ్లు శనివారం పై టేబులుకి వెళ్తారు. మిగతా ముగ్గురూ అక్కడే ఉంటారు.

మందుల షాపాయన్ని మేనేజరు స్వయంగా భుజం తట్టి పై టేబులుకి తీసుకెళ్లాడు. ఆయన పెళ్లికొడుకులా నడిచాడు. పై టేబులు వాళ్లు జరిగి చోటిచ్చారు, ఊరూ పేరూ అడిగారు. అప్పుడే ఎవరో ఆయన జోకుకి పగలబడి నవ్వుతున్నారు.

చివరి టేబులు దగ్గర నాలుగో కుర్చీ ఖాళీ అయింది.

"మరి మీరు?" అన్నాడు డ్రైవరు నన్ను చూసి. "వారం ఉంటారటగా. నిలబడి చూస్తే కాళ్లు నొప్పి, కూర్చుని ఆడితే తలనొప్పి. ఏది కావాలో చెప్పండి."

"సోమవారం కూర్చుంటాను," అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో అడిగాను. "చేతిలో షో పెట్టుకుని తొమ్మిది ఎందుకు పడేశావు?"

అక్క నడక ఒక్క క్షణం తడబడింది. "చూసుకోలేదే."

అబద్ధం. అన్ని ముక్కలూ నిమిరి మరీ పడేసింది.

*

ఆదివారమంతా అక్కని గమనించాను. కూర తరిగింది, అన్నం వండింది, బట్టలు ఆరేసింది. ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేదు. ఏ వస్తువు ఎక్కడుందో నిద్రలో కూడా చెప్పేలా ఉంది. నేను కత్తిపీట కాస్త పక్కకి జరిపితే మాత్రం గయ్యిమంది. ఏది ఇవ్వబోయినా, "చేతికివ్వకు, బల్ల మీద పెట్టు," అంది. వయసుతో వచ్చిన చాదస్తం అనుకున్నాను.

చూపు బాగానే ఉంది, ఉండగలదు, మేనేజరుకి ఆ మాటే చెబుతాను అని నిశ్చయించుకున్నాను కూడా.

సోమవారం నాలుగో కుర్చీలో కూర్చున్నాను. మొదటి ఆట నేనే గెలిచాను. రెండోదీ నేనే. మంగళవారం మూడు గెలిచాను.

నాకు రమ్మీ రాదు. చిన్నప్పుడు అక్క నేర్పబోయి, "నీకు బుర్ర ఉంది గానీ అది పేకకి పనికొచ్చే బుర్ర కాదు," అని వదిలేసింది. అలాంటి నేను ముగ్గురు పాతకాపుల మధ్య వరసగా గెలుస్తున్నాను. నాకు కావలసిన ముక్క అడిగినట్టే ఎవరో ఒకరు పడేస్తున్నారు.

నా వెన్ను నిటారయింది.

ఈ పద్ధతి నాకు కొట్టినపిండి. ముందు గెలిపిస్తారు. మనం తెలివైనవాళ్లమని మనకే నమ్మకం కలిగిస్తారు. తరవాత ముంచుతారు. కానీ ఇక్కడ ముంచడానికి ఏముంది? పందెమే లేదే! మరి ఎందుకు?

బుధవారం నుంచి ఆట మీద ధ్యాస మానేసి మనుషుల్ని చూడటం మొదలుపెట్టాను.

డ్రైవరు పడిన ప్రతి ముక్క పేరూ పైకి చెబుతాడు. మిగతా ఇద్దరూ తిరిగి చెబుతారు. పై టేబుళ్లలో ఎవరూ అలా చెయ్యరు.

"ఎందుకండీ ఆ కేకలు?" అని అడిగాను.

"ఇంజన్లో అంతేనమ్మా. సిగ్నలు కనబడగానే ఒకడు పైకి చెప్పాలి, రెండోవాడు తిరిగి చెప్పాలి. పచ్చ అంటే పచ్చ. మనసులో అనుకుంటే కుదరదు. చచ్చేదాకా పోదు ఈ రోగం."

"వీళ్లావిడ ఉన్నప్పుడు ఆవిడ చేత కూర పేరు కూడా అలాగే చెప్పించుకునేవాడు," అన్నాడు టైలరు. "వంకాయ! వంకాయ!"

"నువ్వు ముక్కలు పంచవయ్యా బాబూ. చొక్కా కొలతలు తీస్తున్నట్టు ఆ నిదానమేంటి?"

టైలరు పంచాడు. అప్పుడు కనబడింది. పంచేటప్పుడు మాత్రం ఆయన కుడి బొటనవేలికి ఇత్తడి టోపీ ఉంది. సూది గుచ్చుకోకుండా కుట్టుపనివాళ్లు వేలికి తొడుక్కునేది. పంచడం అయిపోగానే తీసి జేబులో వేసుకున్నాడు.

పేక పంచడానికి సూదితో పనేంటి?

గురువారం నేను పంచుతానని పట్టుబట్టాను. టైలరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు అక్క వైపు చూశాడు. అక్క ఎటూ చూడలేదు.

కట్ట చేతికి రాగానే బొటనవేలితో తడిమాను. ముక్కల మూలల్లో సన్నని బొడిపెలు. ఒకదానికి రెండు, ఇంకోదానికి మూడు. సూదిమొనతో వెనకనుంచి గుచ్చినవి. కంటికి దాదాపు ఆనవు, పాత ముక్కల గరుకు అనుకుంటాం. వేలికి మాత్రం తెలిసిపోతాయి.

గుర్తులున్న ముక్కలు!

అబద్ధం ఎందుకు, ఉద్యోగం మానేశాక అంత సంతోషం మళ్లీ అప్పుడే కలిగింది. సూది, ఇత్తడి టోపీ, కేకలు, కావాలని ఓడిపోవడం, అన్నీ ఒక దారంలోకి వచ్చాయి. వీళ్లు మోసగాళ్లు. మా అక్కని భయపెట్టో మాయచేసో తమలో కలుపుకున్నారు. ఎందుకో తేలాలి, అంతే.

సాక్ష్యం కావాలి. దగ్గు వచ్చినట్టు వంగి, ఇస్పేటు రాణిని చేతిసంచీలోకి జార్చాను. రెండు కట్టలు కలిపి ఆడే ఆటలో ఒక ముక్క తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

అక్కకి తెలుస్తుందని నాకు తట్టలేదు.

*

శనివారం. వారం గెలుపు నాదే. చివరి ఆట నడుస్తోంది. నేను ఆడటం లేదు, ఆడుతున్నట్టు నటిస్తున్నాను. మేనేజరు వచ్చేదాకా సాగదీయాలని నా ఉద్దేశం.

నేను షో చెబుతానని ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. నేను చెప్పను. వాళ్లూ చెప్పరు. ఆట సాగింది, సాగింది, బల్ల మధ్యనున్న కట్ట కరిగిపోయింది. ఆఖరి ముక్క కూడా ఎత్తేశారు.

"ఇదేం ఆటండీ," అన్నాడు డ్రైవరు చెమట తుడుచుకుంటూ. "స్టేషను లేని లైను మీద నడుస్తున్నట్టుంది."

"మీ చేతుల్లో ఉన్నవి పైకి చెప్పండి," అంది అక్క. గొంతు మారింది. క్లాసులో ఎవరో కాపీ కొట్టినప్పటి గొంతు అది.

డ్రైవరు చెప్పాడు. టైలరు చెప్పాడు. నేనూ చెప్పాను. అక్క తల వంచుకుని విన్నది.

"ఇస్పేటు రాణి ఒకటే వచ్చింది. రెండోది ఏది?"

టైలరు బల్ల కింద దూరాడు. డ్రైవరు చొక్కా దులుపుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. బొద్దు మనిషి, మర్యాదస్తుడు. "ఏం పోయిందండీ?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. చేతిసంచీలోంచి రాణిని తీశాను.

"పోలేదు. సాక్ష్యం కింద నేనే తీశాను. మేనేజరుగారూ, ఈ టేబులు మీద ముక్కలన్నిటికీ దొంగ గుర్తులున్నాయి. సూదితో గుచ్చినవి. ఎవరి పనో ఇత్తడి టోపీ పెట్టుకున్న ఆయన్ని అడగండి."

హాలంతా ఆగిపోయింది. చదరంగం వాళ్లు కూడా తలలు తిప్పారు. బల్ల కిందనుంచి పైకి వచ్చిన టైలరు ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"బుజ్జీ," అంది అక్క. "ఆ ముక్క ఇలా ఇయ్యి."

చేయి చాపి ముక్క అందించాను.

అక్క చేయి వచ్చింది. నా చేతి పక్కనుంచి వెళ్లిపోయింది. వెనక్కి వచ్చింది, మళ్లీ గాలిలో తడిమింది.

"కుడికి," అన్నాడు డ్రైవరు అసంకల్పితంగా. "కాస్త పైకి."

అక్క వేళ్లు ముక్కని పట్టుకున్నాయి. మూల నిమిరాయి.

"రాణే," అంది.

నేను కుర్చీలో కూలబడ్డాను. ప్రపంచంలో అందరి చేతులూ చూసే నేను, వారం రోజులు మా అక్క ఎదురుగా కూర్చుని ఆవిడ కళ్లు చూడలేదు. ఆవిడ ఫ్లాటు నా మాట మీద నిలబడాలి; ఆ నేనే, మేనేజరు ఎదుటే, దాన్ని నేలమట్టం చేశాను.

"మధ్యలో ఏమీ కనబడదండీ," అంది అక్క మేనేజరు గొంతు ఉన్న వైపు తిరిగి. "అంచుల్లో కాస్త వెలుతురు. ఏడాదిన్నర దాటింది. గుర్తులు పెట్టమని నేనే అడిగాను. టైలరు పెద్దాయన్ని ఏమీ అనకండి. ఒక్కో ముక్కా ఒళ్లో పెట్టుకుని గుచ్చాడు."

"నేను కాదు దొంగని," అన్నాడు టైలరు మెల్లగా, నా వైపు చూడకుండా. "గుచ్చింది నేనే కదమ్మా, పంచుతుంటే వేలికి తెలిసిపోతాయి. తెలియకూడదని ఈ టోపీ."

నేను చేతిసంచీ మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నాకు టోపీ అక్కర్లేదు," అన్నాడు డ్రైవరు. "ఇంజను పిడి పట్టుకుని పట్టుకుని నా వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయి."

"మరి నన్ను ఎందుకు గెలిపించారు?" అన్నాను. అంత సిగ్గులోనూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

"టీచరుగారు గెలిస్తే పై టేబులుకి వెళ్లాలి. అక్కడ ఈ ముక్కలు ఉండవు. మాలో ఎవరు గెలిచినా టేబులు విడిపోతుంది. ఇక మిగిలింది ఎవరు? నాలుగో కుర్చీ. ఎవరొచ్చినా వాళ్లనే గెలిపించి పైకి పంపేస్తున్నాం. వాళ్లకి సంతోషం, మాకు నిశ్చింత."

పై టేబులు దగ్గర కుర్చీ కిర్రుమంది. మందుల షాపాయన లేచాడు.

"అంటే నేను... నాది నిజం గెలుపు కాదా?"

"మీది నిజమేనండీ," అన్నాడు డ్రైవరు తడుముకోకుండా. "మీ దగ్గర మాకు నటించాల్సిన పని పడలేదు."

"నాకూ పోయినేడు సరిగ్గా ఇదే మాట చెప్పాడు!" అంది కిటికీ పక్కన ఒక పెద్దావిడ.

"నాకు కూడా!" అని ఇంకో గొంతు.

హాల్లో ఒక్కొక్కళ్లే లెక్క చూసుకుంటున్నారు. ఈ ఏడాదిన్నరలో వచ్చినవాళ్లంతా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే, అంతా గెలిచినవాళ్లే. ఎవరో నవ్వారు. అది పక్క టేబులుకి పాకింది. పజిళ్లు పేర్చేవాళ్లు కూడా ముఖాలు దాచుకుని నవ్వుతున్నారు.

మేనేజరు నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీ మాట మీద వదిలాను కదా. ఏమంటారు?"

అక్క వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"కనబడదు," అన్నాను. "ఇందాకటిదాకా నాకు తెలియదు. కానీ వారం రోజులు ఆవిడ వండింది తిన్నాను. ఒక్క పూట కూర మాడలేదు, ఒక్క గిన్నె దొర్లలేదు. కనబడదని నేను కనిపెట్టలేకపోయానంటే, అదే నా మాట అనుకోండి."

"మీరు చెల్లెలు. అలాగే అంటారు." ఆయన గడ్డం గోక్కున్నాడు. "రేపు పొద్దున నేను వస్తాను. నా ఎదురుగా పాలు కాచి టీ పెట్టాలి. ఎవరూ సాయం చెయ్యకూడదు, ఎవరూ ఏదీ పైకి చెప్పకూడదు."

చివరి మాట డ్రైవరుని చూసి అన్నాడు. డ్రైవరు నోటి మీద వేలు వేసుకున్నాడు.

"రండి," అంది అక్క. "కానీ మాట్లాడకుండా కూర్చోవాలి. పాలు కాగేటప్పుడు నాకు కబుర్లు గిట్టవు."

*

ఆదివారం పొద్దున మేనేజరు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. నేను ఆయన వెనక నిలబడి, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టాను.

అక్క గిన్నె పెట్టింది, వెలిగించింది, పాలు పోసింది. తరవాత స్టవ్ వైపు చూడనే లేదు. గోడకి ఆనుకుని తల కాస్త పక్కకి వంచింది, తలుపు అవతల ఎవరో వస్తున్నారా అని వింటున్నట్టు. పాలు మొదట చప్పుడు చెయ్యలేదు. తరవాత సన్నగా గుసగుసలాడాయి. ఆ గుసగుస చిక్కబడింది. పొంగు అంచుకి వస్తుండగా నా కాలు దానంతటదే ముందుకి కదిలింది.

టిక్కుమని స్టవ్ ఆగింది. పొంగు చల్లగా దిగిపోయింది.

"మరి ఆ రోజు ఎందుకు కాలింది?" అన్నాడు మేనేజరు.

"పైఅంతస్తులో మీవాళ్లు గోడకి డ్రిల్లింగు చేస్తున్నారు. పాల చప్పుడు వినబడలేదు. పొంగాక తెలిసి, కంగారులో గిన్నె లాగాను. అది నా తప్పే. ఆ కంగారు మళ్లీ పడను."

టీ కప్పు బల్ల మీద పెట్టి ఆయన వైపు జరిపింది. ఆయన ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"చక్కెర బాగా తక్కువైంది టీచరుగారూ."

నేను చక్కెర డబ్బా వైపు చూశాను.

"తక్కువ కాలేదు. తగ్గించాను," అంది అక్క. "మీరు కూర్చోగానే కుర్చీ మూలిగింది."

ఆయన వంగి తన కుర్చీ వైపు చూసుకున్నాడు. ఆ తరవాత మేనేజరు నవ్విన నవ్వుకి కప్పులో టీ చొక్కా మీద పడింది.

"ఇక్కడే ఉండండి," అన్నాడు చొక్కా దులుపుకుంటూ. "కానీ ఒక షరతు. పైన పని జరిగే రోజున ముందుగా మనిషిని పంపి చెప్పిస్తాం. ఆ పూట మీరు స్టవ్ వెలిగించకూడదు."

"ఒప్పుకున్నాను. ఆ పూట భోజనం?"

"మా ఆఫీసు నుంచి పంపిస్తాం."

"వేడిగా?"

"వేడిగానే."

"అయితే వాళ్లని నిదానంగా చేసుకోమనండి," అంది అక్క, నా కప్పులో చక్కెర వేస్తూ. "గోడలన్నీ ఒకేసారి పూర్తి చెయ్యక్కర్లేదు."